పాట ఉంది, పాడే మనిషి లేడు

“మీ స్పీకర్లలో పాట ఉందండీ. పాడే మనిషే లేడు.”

షాపు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ఆమె చేసిన ఫిర్యాదు అది. నేను అప్పుడు ఒక పెద్దాయన కళ్ళజోడు కోసం అద్దం అంచు అరగదీస్తున్నాను. మెషిన్ ఆపి తలెత్తాను. రెండు రోజుల కిందట మా ఇంటికి వచ్చి నా పాత స్పీకర్ల జత తీసుకెళ్ళిన లెక్కల టీచర్. మా వదినే షాపు గుర్తులు చెప్పి మరీ పంపించిందట.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. నాకు తిండి పెట్టేది కళ్ళజోళ్ళ షాపు. ప్రాణం మాత్రం చెవుల మీద. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు, పాటలు దాచుకునే పాత ఫోన్లు, వాటికి వైర్లు, ఆ వైర్లకు మళ్ళీ వైర్లు. మంచం కింద చీపురు దూరే చోటు కూడా మిగల్చలేదని వదిన ఒక చట్టం పెట్టింది. ఒక పెట్టె లోపలికి వస్తే ఒక పెట్టె బయటికి పోవాలి. అన్నయ్య ఆ చట్టానికి కళ్ళు మూసుకుని తలూపాడు. కొత్త జత రాగానే పాత జత ఫోటో అమ్మకానికని ఫోన్లో పెట్టాను, టీచర్‌గారు వచ్చి తీసుకెళ్ళారు. ఇచ్చే ముందు ఎడమ పెట్టెలో చిరిగిన వూఫర్, అదే శబ్దం చేసే గుండ్రటి పళ్ళెం, తీసేసి కొత్తది నా చేతులతో నేనే బిగించాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

“పాడే మనిషి లేకపోవడమేంటండీ? శబ్దం రావట్లేదా?” అన్నాను.

“వస్తోంది. గదినిండా వస్తోంది. అదే గొడవ. మనిషన్నవాడు ఎక్కడో ఒకచోట నిలబడి పాడాలి కదా. మీ దాంట్లో కుడిపక్క కాస్త, ఎడమపక్క కాస్త, నా వీపు వెనకాల కాస్త.”

“మీరు ఇంతకుముందు ఇలాంటి స్పీకర్లు విన్నారా?” అని అడిగాను. ఆ అడగడంలో కొంచెం పొగరు ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

“లేదు. నలభై మంది పిల్లల్ని విన్నాను. బోర్డు మీద లెక్క రాస్తూ, వెనక్కి తిరక్కుండా, మూడో బెంచీలో కిటికీ పక్కన ఎవరు గుసగుసలాడుతున్నారో పేరు పెట్టి పిలుస్తాను. ఇంతవరకు ఒక్కసారీ తప్పు పేరు పిలవలేదు. నా చెవులు ఆ మాత్రం చదువుకున్నాయి.”

నేను తగ్గలేదు. నాలాంటి పిచ్చివాళ్ళందరం ఫోన్లో ఒక గుంపుగా ఉంటాం. ఆ గుంపులో నన్ను ‘బంగారు చెవులు’ అంటారు. ఎవరింట్లో ఏ పెట్టె మూలిగినా రోగం నేనే చెప్పాలి. అలాంటివాణ్ణి ఒక లెక్కల టీచర్ చెవులు పట్టుకుని బెంచీ ఎక్కిస్తానంటే ఎలా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేరం ఆవిడ గది మీదకి తోసేశాను.

“తప్పు స్పీకర్లది కాదండీ. మీ గదిది.”

“ఆ గదిలో నేను పుట్టినప్పటి నుంచీ ఉంటున్నాను. దాని మీద ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు.”

“గది ఫోటోలు పంపండి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్తాను. వారంలో మీ పాడే మనిషి వచ్చి గది మధ్యలో నిలబడకపోతే నన్ను అడగండి.”

“అడుగుతాను. నాకు అడగడం బాగా వచ్చు,” అంది. నా నంబరు ఫోన్లో ఎక్కించుకుని, నెమ్మదిగా నవ్వి వెళ్ళిపోయింది. ఆ పెద్దాయన అద్దాన్ని నేను అవసరానికి మించి అరగదీశాను.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది.

“సోఫా రెండడుగులు వెనక్కి జరపండి,” అని పంపాను.

“సోఫాలో నాన్న ఉన్నారు.”

“నాన్నగారితో సహా జరపండి.”

పది నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. “జరిపాను. నాన్నగారు కాఫీ ఒలకబోసుకున్నారు. పాడే మనిషి రాలేదు.”

వాళ్ళింట్లో వాళ్ళిద్దరే. నాన్నగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్ళు ఇంజను పక్కన కూర్చుని ఎడమ చెవిని ఇంజనుకే ఇచ్చేశారట. ఆయనకు పాట ఎక్కడినుంచి వచ్చినా ఒకటే, కుడిపక్క నుంచే వస్తుంది. పాడే మనిషి కోసం వెతుకులాట అంతా కూతురిదే.

ముందు పుస్తకాల బీరువాను కిటికీ పక్కకు జరపమంటే ఒక ఆదివారమంతా జరిపింది. తర్వాత కర్టెన్ వేయమన్నాను. వేసింది. స్టూలు తీసి బల్ల పెట్టమన్నాను. పెట్టింది. ప్రతి మార్పు తర్వాత పాట పెట్టి ఫోన్లో రికార్డు చేసి పంపేది. నేను నా దగ్గరున్న మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినేవాణ్ణి. కానీ ఆ రికార్డింగుల్లో ఏమీ తేలదు. ఫోన్ మైకుకు ఉన్నది ఒకటే చెవి, నాన్నగారిలాగే. పాట చివర ఆమె “విన్నారా?” అనే మాట మాత్రం స్పష్టంగా ఉండేది. దాన్ని మాత్రం రెండు మూడుసార్లు వినేవాణ్ణి.

రెండో వారానికి స్పీకర్ల ఊసు తగ్గి మిగతా ఊసు పెరిగింది. ఒక పిల్లవాడు అయిదు మామిడిపళ్ళలోంచి ఏడు తీసేసి, మిగిలిన రెండూ పక్కింటివాళ్ళ దగ్గర అప్పు తెచ్చానని రాశాడని చెప్పింది. నా గదిలో ఏమేం ఉన్నాయని అడిగింది.

“ఇయర్‌ఫోన్లు ఎన్ని జతలున్నాయి?”

“పదకొండు.”

“చెవులెన్ని?”

ఫోన్ పక్కన పెట్టి ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే వదిన గుమ్మంలో నిలబడి చూసింది. “పాటంటే చెవి కోసుకుంటావని తెలుసు గానీ, పాట లేకుండానే ఇలా నవ్వడం ఇవాళే చూస్తున్నాను,” అంది.

ఆమె అంటే నాకు ఇష్టం ఏర్పడింది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చెప్పడం నాకు రాదు. కొత్తగా తెచ్చుకున్న జత మీద దుమ్ము పడుతోంది, నేను మాత్రం పాత జత గురించే మాట్లాడుతూ కూర్చున్నాను.

అలా ఐదు వారాలు గడిచాక ఒకరోజు నా ఫోన్ నిండిపోయింది. ఇంక ఒక్క ఫోటో కూడా పట్టదంది. అక్కర్లేనివి చెరిపేద్దామని పాతవి తిరగేస్తుంటే, ఎడమ పెట్టెకు వూఫర్ మార్చిన రోజు తీసుకున్న ఫోటో కనిపించింది. గుంపులో గొప్ప చెప్పుకోవడానికి తీసిన ఫోటో. పెద్దది చేసి చూశాను.

నల్ల వైరు ఉండాల్సిన చోట ఎర్ర వైరు ఉంది. నల్లది ఎర్రదాని చోట ఉంది. నా చేతులతో నేనే బిగించాను కదా.

స్పీకర్ అంటే గాలిని ముందుకు తోసి వెనక్కి లాగే పళ్ళెం అనుకోండి. రెండు పెట్టెలూ ఒకేసారి తోసి ఒకేసారి లాగితే పాడే మనిషి సరిగ్గా మధ్యలో నిలబడతాడు. ఒకటి తోస్తుంటే రెండోది లాగితే ఆ మనిషి ఎక్కడా ఉండడు. గుంపులో కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఆమె మొదటి రోజే కౌంటరు మీద చేతులు ఆనించి చెప్పింది కూడా ఇదే. నేను వినలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఐదు వారాలు ఆవిడ చేత ఇల్లంతా మోయించాను.

“ముఖమేంటి అలా మాడిపోయింది?” అంది వదిన.

చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“బాగుచేయడం కష్టమా?”

“అర నిమిషం పని. పెట్టె కూడా విప్పక్కర్లేదు. వెనకాల తగిలించిన వైరు కొసలు అటుది ఇటు, ఇటుది అటు మారిస్తే చాలు.”

“మరింకేం, ఫోన్ చేసి చెప్పు.”

“చెప్తే ఆవిడ మార్చుకుంటుంది. పాట బాగుంటుంది. ఇంక నాకు మెసేజ్ ఎందుకు పెడుతుంది వదినా?”

వదిన నవ్వు ఆపేసింది. “చెప్పకపోతే?”

“ఏదో ఒకరోజు తెలుస్తుంది. అప్పుడు అసలు మాట్లాడదు.”

ఇదీ నా పరిస్థితి. నిజం చెప్తే మెసేజ్‌లు ఆగిపోతాయి, చెప్పకపోతే మనిషే దూరమవుతుంది. పది రోజులు అటూ ఇటూ ఊగాను. ఈలోగా ఆమే మెసేజ్ పెట్టింది.

“నాన్న ఇంక సోఫాలోంచి లేవరట. ఆదివారం మీరే రండి. బాగుచేస్తే చేయండి, లేదంటే స్పీకర్లు తీసుకెళ్ళిపోండి.”

నేను ఒక దొంగ ఉపాయం ఆలోచించాను. ఎవరూ చూడకుండా వైర్లు మార్చేసి, సోఫాను ఓ బెత్తెడు జరిపి, ఇదిగో మీ పాడే మనిషి అనేస్తే సరి. పరువు దక్కుతుంది, స్పీకర్లు అక్కడే ఉంటాయి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. వదినకు చెప్తే, “దొంగతనంగా పాడుచేసేవాళ్ళను చూశాను గానీ, దొంగతనంగా బాగుచేసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను,” అంది.

ఆదివారం వాన. పెద్దదేం కాదు, గొడుగు తెరిస్తే ఆగి మూస్తే కురిసే రకం. నేను వాళ్ళింటికి చేరేసరికి సగం తడిశాను. ఫోటోల్లో చూసీ చూసీ ఆ గది నాకు కంఠతా వచ్చు. బీరువా, బల్ల, కర్టెన్ అన్నీ నేను పెట్టమన్నచోటే ఉన్నాయి. కొత్తగా చూస్తున్నది ఆమెనే. బడి చీర కాకుండా ఇంటి దుస్తుల్లో, జుట్టు ముడి వేసుకుని, తువ్వాలు నా చేతికిచ్చింది.

“తల తుడుచుకోండి. ముఖ్యంగా చెవులు. ఊరంతా వాటి మీదే ఆధారపడి ఉందట కదా,” అంది.

సోఫాలోంచి నాన్నగారు నన్ను ఎగాదిగా చూశారు. “నన్ను పదకొండుసార్లు జరిపించింది నువ్వేనా బాబూ?”

“నేనేనండీ.”

“బస్సులో కూడా నేనింత తిరగలేదు.”

ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోతోంది. ఇదే అదననుకుని, “ఇలా ఇవ్వండి, బిగిస్తాను,” అన్నాను. జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది. బిగించి, జోడు కాళ్ళు కొంచెం వంచి ఇచ్చాను. ఆయన పేపరు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టారు.

“టీ పెడుతున్నాను. నేను వచ్చేదాకా పాట పెట్టకండి,” అంది ఆమె వంటింట్లోంచి.

అంతకన్నా ఏం కావాలి? ఎడమ స్పీకర్ వెనక్కి చెయ్యి దూర్చాను. గోడకీ పెట్టెకీ మధ్య జానెడు చోటు కూడా లేదు. చీకటి. నేనిచ్చిన వైరు రెండు పోగులూ ఒకే రంగు. తడుముకుంటూ రెండు కొసలూ పీకి, తారుమారు చేసి తగిలించాను. సోఫాను ఒక బెత్తెడు జరిపి, ఏమీ ఎరగనట్టు మధ్యలో కూర్చున్నాను.

టీ వచ్చింది. ఆమె ముఖంలో ఏదో దాచుకున్న నవ్వు ఉంది. నా పక్కన, కొంచెం ఎడంగా కూర్చుని ఫోన్లో పాట నొక్కింది.

వాయిద్యాలు మొదలయ్యాయి. తర్వాత గొంతు వచ్చింది. కుడిపక్క కాస్త, ఎడమపక్క కాస్త, నా వీపు వెనకాల కాస్త.

నా చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది. బంగారు చెవులు కాదు కదా, ఇనప చెవులున్నవాడికైనా తెలుస్తుంది. పాట చెడిపోయింది. నేను మార్చాక చెడిపోయిందంటే, మార్చకముందు బాగుందన్నమాట. ఏ పెట్టెనైనా ముట్టుకునే ముందు వినాలని అందరికీ చెప్పేవాణ్ణి నేను. వినకుండా ముట్టుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆమె ముఖంలో నవ్వు కూడా మాయమైంది. స్పీకర్ వైపు చూసింది. నా వైపు చూసింది.

“మీ మోచేతికి బూజు అంటుకుంది,” అంది.

“సోఫా కింద...”

“సోఫా కింద పొద్దున్నే ఊడ్చాను. ఈ గదిలో చీపురు దూరని చోటు ఒక్కటే ఉంది, ఆ ఎడమ స్పీకర్ వెనక.” కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “ఏం చేశారు? జవాబు ఒక్కటే చెప్తే మార్కులు వెయ్యను. స్టెప్పులు కావాలి.”

స్టెప్పులన్నీ చెప్పాను. వూఫర్ మార్చడం, ఫోటో, ఎర్ర వైరు, నల్ల వైరు, పది రోజులు నోరు మూసుకోవడం. “మొదటి రోజు నుంచీ మీరు చెప్పిందే నిజం. తప్పు నాది. తెలిశాక కూడా చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు. చెప్తే మీ మెసేజ్‌లు ఆగిపోతాయని భయపడ్డాను,” అన్నాను.

పాట ముక్కలు ముక్కలుగా పాడుకుంటూనే ఉంది.

“ఇప్పుడు నేనొకటి అడగనా? నేను వైరు మారిస్తే పాట బాగవ్వాలి. కానీ చెడిపోయింది. అంటే నేను రాకముందే ఎవరో మార్చారు.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నా జీవితంలో చెవుల మీద ఎంతో సమాచారం సేకరించాను గానీ అవి అంత అందంగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

“మీరు బీరువా జరపమన్న రోజు వైరు ఊడిపోయింది,” అంది కప్పులోకి చూస్తూ. “ఎలాగోలా పెట్టాను. పాట వేస్తే మనిషి వచ్చి మధ్యలో నిలబడ్డాడు. మళ్ళీ తీసి తిరగేసి చూశాను, వెళ్ళిపోయాడు. మూడుసార్లు సరిచూసుకున్నాను. లెక్కల్లో రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ అవుతుంది కదా, అలాగే లోపలెక్కడో మీరొక మైనస్ పెట్టారని అర్థమైంది.”

“అది ఎప్పుడు?”

“ఇవాల్టికి నాలుగు వారాలు.”

“నాలుగు వారాలా? ఆ తర్వాత కూడా పాడే మనిషి రాలేదని రోజూ చెప్పారు. కర్టెన్ మార్పించుకున్నారు. బల్ల తెప్పించుకున్నారు.”

“బల్ల నాకు ఎలాగూ కావాలి. ఆ రోజే మీకు రాశాను, మీదే తప్పు, మీరు ఓడిపోయారు అని. పంపకుండా చెరిపేశాను. పంపితే మీరు సారీ అంటారు, నేను పర్లేదంటాను, అక్కడితో అయిపోతుంది. అయిపోకూడదనిపించింది. ఇవాళ చెప్పేద్దామనే పిలిచాను. పాట పెట్టి, మీరు తెల్లబోతే కాసేపు నవ్వి, అప్పుడు చెప్దామనుకున్నాను. ఇద్దరం తెల్లబోతామని మాత్రం అనుకోలేదు.”

నేను నవ్వాను. ఆమె నవ్వింది. ఇద్దరం చెరో పెట్టెలాగే నడిచాం, నేను ముందుకు తోసేవేళకు తను వెనక్కి లాగింది. ఆ సంగతి తనకు చెప్తే, “పాఠాలు నేను చెప్తాను, మీరు వైరు సరిచేయండి,” అంది.

“ఒకటి చెప్పి సరిచేస్తాను. మీరంటే నాకు ఇష్టం. స్పీకర్లు పాడైనా, బాగున్నా.”

“తెలుసు. నేను వెనక్కి తిరక్కుండానే ఎవరేం గుసగుసలాడుతున్నారో పసిగడతాను.” కప్పు బల్ల మీద పెట్టి నా కళ్ళలోకి చూసింది. “నాకూ ఇష్టమే.”

“ఏంటమ్మా అంత గుసగుస? స్పీకర్ల రోగం దొరికిందా?” అన్నారు నాన్నగారు కిటికీ దగ్గర్నుంచి.

ఇద్దరం ఉలిక్కిపడి దూరం జరిగాం. ఆయన చెవిటి చెవి మావైపు ఉందన్న ధైర్యంతోనే ఇంతసేపూ మాట్లాడుకున్నాం.

“దొరికింది నాన్నా. చిన్నదే.”

“నాకు చెవి ఒకటే పనిచేస్తుంది గానీ కళ్ళు రెండున్నాయి తల్లీ,” అన్నారాయన పేపరు మడుస్తూ. “ఈ అబ్బాయి బిగించాక మరీ బాగా కనిపిస్తున్నాయి. నాలుగు వారాల నుంచి పాట వింటూ నువ్వు నవ్వుకోవడం చూస్తున్నాను. పాట బాగాలేదని ఎవరికో ఫోన్లో చెప్పడమూ చూస్తున్నాను. మనిషి ఎలాంటివాడో చూద్దామనే రమ్మనమన్నాను.” నా వైపు తిరిగారు. “ఫర్వాలేదు. తప్పు ఒప్పుకుంటున్నాడు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒకసారి రమ్మను బాబూ. సోఫా మాత్రం ఇంక జరగదు.”

నేను మళ్ళీ స్పీకర్ వెనక్కి చెయ్యి దూర్చాను. ఈసారి ఆమె ఫోన్ లైటు పట్టుకుంది. పాట మళ్ళీ పెట్టింది. పాడే మనిషి వచ్చి గది మధ్యలో, కాఫీ మరక పక్కన, చక్కగా నిలబడ్డాడు.

స్పీకర్లు తీసుకెళ్ళలేదు. వానలో తడుస్తాయని ఆమె అంది. బయట ఎప్పుడో ఎండ కాసింది.

ఇంటికి వస్తే వదిన గుమ్మంలోనే ఉంది. ఖాళీ చేతులు చూసింది, ముఖం చూసింది. లోపలికి వెళ్ళి చీపురుతో నా మంచం కింద పొడిచింది.

“మన చట్టం గుర్తుందిగా మరిదీ? ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాలి. ఆ అమ్మాయి వస్తే ఇందులో ఏది పోతుంది?”

నేను మంచం కిందకి వంగి చూశాను. ఆంప్లిఫయర్లు, ఫోన్లు, పదకొండు జతల ఇయర్‌ఫోన్లు.

“అన్నీ తీసేయండి వదినా,” అన్నాను. “పాత జత ఎలాగూ ఆవిడతోనే తిరిగొస్తుంది.”